పసుపు సంచి మళ్లీ చేతికి

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు పసుపు సంచి కొత్త వస్తువు కాదు. పెళ్లిలో తాంబూలం పెట్టి ఇచ్చిన ఆ నూలు సంచే తరువాత ఏళ్ల తరబడి బజారుకు వెళ్లివచ్చేది. ప్లాస్టిక్ కవర్లు చవకగా దొరకడంతో అది మూలకు చేరింది. పైగా తమిళంలో ‘మంజప్పై’ అనే ఆ సంచి పేరే పల్లెటూరి అమాయకుణ్ణి ఎగతాళి చేసే మాటగా మారింది. నగరానికి కొత్తగా వచ్చిన యువకుడు సంచి పట్టుకోవడానికి బిడియపడటంలో వింత లేదు.

తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుండి ఒకసారి వాడి పారవేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించింది. చేతి సంచులు, నీటి ప్యాకెట్లు, స్ట్రాలు, పళ్లాలు, కప్పులు, ఆహారం చుట్టే షీట్లు వాటిలో ఉన్నాయి. 2021 డిసెంబరులో ‘మీండుమ్ మంజప్పై’, అనగా ‘మళ్లీ పసుపు సంచి’ అనే ఉద్యమం ఆరంభమైంది. 2022లో కోయంబేడు మార్కెట్టులో 10 రూపాయలకు గుడ్డ సంచినిచ్చే యంత్రాన్ని నెలకొల్పారు.

అయినా కవర్లు మాయం కాలేదు. యువతకు ప్లాస్టిక్ హాని తెలియక కాదు, బడిలోనే చదువుకున్నారు. వారి కొనుగోళ్లు ముందుగా అనుకొని చేసేవి కావు. పని ముగించుకొని గదికి వెళ్తూ దారిలో అరడజను గుడ్లు, ఒక ఇడ్లీ పార్సిల్ తీసుకుంటారు. ఆ క్షణాన చేతిలో సంచి ఉండదు. వండుకొనే వసతి లేని హాస్టళ్లలో పార్సిల్ తప్పదు కూడా. కనుక మందలింపు కంటే సంచి ఎప్పుడూ వెంట ఉండే ఏర్పాటే మేలు చేస్తుంది.

రెండు అపోహలను కూడా తొలగించుకోవాలి. టీ కొట్టులోని కాగితపు కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. దానిపై నిషేధాన్ని 2023లో సుప్రీంకోర్టు సమర్థించింది. గుడ్డలా కనిపించే అల్లిక లేని సంచి సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కుతో చేసినదే.

ఇంటికి చేరేంతసేపే వాడిన కవరు కొడుంగైయూరు, పెరుంగుడి చెత్తమేటలలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. వీధి కాలువలో పడితే ఈశాన్య రుతుపవనాల వేళ నీటికి అడ్డుపడుతుంది. ఆ నీరు మొదట చేరేది పల్లపు వీధులలోని కింది అంతస్తుల ఇళ్లలోకే.

కావున మడిచిన గుడ్డ సంచి ఒకటి ఆఫీసు బ్యాగులో, మరొకటి బండి పెట్టెలో ఉంచండి. దగ్గరి హోటలుకు స్టీలు డబ్బా తీసుకువెళ్లండి. ఆన్‌లైన్‌లో భోజనం తెప్పించుకొనేటప్పుడు చెంచాలు, స్ట్రాలు వద్దని తెలపండి. పాల ప్యాకెట్లను కడిగి, ఆరబెట్టి, పొడి చెత్తతో వేరుగా ఇవ్వండి. పెద్దలు తమ ఇంట దాచిన పెళ్లి సంచిని పిల్లల చేతికి ఇవ్వండి. ఆ సంచి పట్టుకున్నవారిని చూసి ఎవరూ నవ్వని రోజున నిషేధపు పని సగం తేలికవుతుంది.