నీళ్లు కాచినా పోని విషం: నల్లా నీటిలో సీసం గురించి ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సింది

నీళ్లు కాచి తాగితే ఇక ఏ భయమూ లేదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. టైఫాయిడ్, కామెర్లు, విరేచనాల విషయంలో అది నిజమే. మరుగుతున్న నీటిలో క్రిములు చనిపోతాయి. కానీ సీసం క్రిమి కాదు, లోహం. ఎంతసేపు కాచినా చావదు, ఆవిరైపోదు. పైగా నీళ్లు మరిగి తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు కాబట్టి కంటితో చూసి పట్టుకోలేం.

సీసం నీళ్లలోకి ఎలా వస్తుంది?

సాధారణంగా చెరువు నుంచో, రిజర్వాయర్ నుంచో రాదు. ఇంటి దగ్గరి చివరి కొన్ని అడుగుల పైపు, కీళ్లు, నల్లా నుంచే ఎక్కువగా కలుస్తుంది. ఒకప్పుడు నీటి పైపులు సీసంతోనే చేసేవారు. లాటిన్‌లో సీసాన్ని ‘ప్లంబమ్’ అంటారు, ‘ప్లంబర్’ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. పైపులో నీళ్లు గంటల తరబడి కదలకుండా ఉంటే సీసం కొద్దికొద్దిగా కరుగుతుంది. నీళ్లు వేడిగా ఉన్నా, ఆమ్ల గుణం ఎక్కువగా ఉన్నా ఇంకా త్వరగా కరుగుతుంది.

అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో జరిగింది ఇదే. దాదాపు లక్ష మంది ఉన్న ఆ ఊరికి 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని పక్కనున్న నది నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పైపులు తినుకుపోకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం నల్లాల్లోకి వచ్చింది. నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు చెబుతూ వచ్చారు. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని మోనా హన్నా అనే పిల్లల డాక్టరు 2015లో లెక్కలతో బయటపెట్టాక, ఆ అక్టోబరులో పాత నీటికే తిరిగి మారారు.

మన హైదరాబాదీ కుటుంబాలు చాలా ఉన్న చికాగోలో కూడా ఈ సమస్య ఉంది. అక్కడ 1986 దాకా ఇళ్లకు సీసపు పైపులే వేశారు. దాదాపు 4 లక్షల కనెక్షన్లలో అవి ఇంకా ఉన్నాయి. అక్కడి పాత ఇళ్లలో అద్దెకు దిగే మన పిల్లలు ముందుగా పైపు ఏదో అడిగి తెలుసుకోవాలి.

మరి మన దగ్గర?

ఇక్కడి ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి జీఐ, పీవీసీ, సీపీవీసీ పైపులు. పీవీసీ గట్టిగా నిలవడానికి కొందరు తయారీదారులు సీసపు సమ్మేళనాలు కలుపుతూ వచ్చారు. దీన్ని అరికట్టడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఇత్తడి నల్లాలు, వాల్వుల్లో కూడా కొంత సీసం ఉండొచ్చు. మన ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు.

పిల్లలకే ఎందుకు ఎక్కువ ప్రమాదం?

మింగిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎదుగుతున్న మెదడును అది దెబ్బతీస్తుంది. చదువులో వెనకబడటం, ధ్యాస నిలవకపోవడం, రక్తహీనత వంటివి రావచ్చు. పైకి వెంటనే ఏమీ కనపడదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాగి ఉండి, గర్భిణిగా ఉన్నప్పుడు రక్తంలోకి వచ్చి కడుపులో బిడ్డకు చేరుతుంది. ఇంత వరకు పర్వాలేదు అనే పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంట్లో ఏం చేయాలి?

1. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు తాగొద్దు. సహరీకి లేచినా, ఫజర్‌కు లేచినా వంటింటి నల్లా తిప్పి మొదటి బకెట్ పక్కన పెట్టండి. వృథా అక్కర్లేదు, ఇల్లు తుడవడానికి వాడండి. సీసపు పైపు ఉన్న పాత ఇళ్లలో కనీసం ఐదు నిమిషాలు వదలాలి.

2. గీజర్ నీళ్లతో చాయ్, అన్నం, పాపాయి పాలు కలపొద్దు. చల్లటి నీళ్లు పట్టి పొయ్యి మీద వేడి చేయండి.

3. ఫిల్టర్ కొనేటప్పుడు అది సీసాన్ని తీస్తుందా అని అడగండి. ఆర్ఓ తగ్గిస్తుంది. ఒట్టి యూవీ యంత్రం క్రిములను మాత్రమే చంపుతుంది. క్యాట్రిడ్జ్ సమయానికి మార్చాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ‘ఎన్ఎస్ఎఫ్ 53’ గుర్తుతో, సీసం తీస్తుందని రాసి ఉన్నదే తీసుకోవాలి.

4. టీడీఎస్ మీటర్ చూపించి ‘నీళ్లు మంచివే’ అంటే నమ్మొద్దు. అది కరిగిన లవణాల మొత్తం చెబుతుంది తప్ప సీసాన్ని విడిగా చూపదు. ల్యాబ్‌లో ‘సీసం పరీక్ష’ అని ప్రత్యేకంగా అడగాలి. పొద్దున్నే వచ్చే మొదటి నీళ్లు ఒక సీసాలో, నల్లా కాసేపు వదిలాక మరో సీసాలో పట్టి ఇవ్వండి. మొదటిదానిలోనే ఎక్కువుంటే తప్పు మీ నల్లాలో, పైపులో ఉన్నట్టు.

5. కొత్త పైపులు వేయిస్తుంటే ప్లంబర్‌కే వదిలేయకండి. ఐఎస్ఐ గుర్తు, పీవీసీ అయితే ఐఎస్ 4985, సీపీవీసీ అయితే ఐఎస్ 15778 అని పైపు మీద ఉందో లేదో మీరే చూడండి.

వజూ, గుసుల్ సంగతి చాలామంది అడుగుతారు. నీళ్లలోని సీసం చర్మం గుండా లోపలికి పోదు కాబట్టి భయం లేదు. మింగడమే ప్రమాదం.

నీళ్లతో పాటు ఇంకో రెండు దారులు కూడా చూసుకోవాలి. కొన్ని రకాల సుర్మాలో ప్రధానంగా ఉండేది సీసమే, పసిపిల్లల కళ్లకు పెట్టొద్దు. రాగి, ఇత్తడి దేగ్‌లకు కళాయి వేయిస్తే సీసం కలపని తగరంతోనే వేయించండి.

ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లల్లో సీసం ఎక్కువగా చేరుతుంది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, మాంసం తగినంత పెట్టండి. అనుమానం ఉంటే డాక్టరును అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. మెదడుకు జరిగిన నష్టాన్ని మందులు వెనక్కి తేలేవు, జరగకుండా ఆపడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది.