సర్కారు లేని నక్షత్రాల్లో పెత్తనం ఎవరిది?

సూర్యుడి తర్వాత మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. కాంతికే అక్కడికి చేరడానికి 4.2 ఏళ్లు పడుతుంది. ఇక్కడి నుంచి ఒక జీవో పంపితే 'అందింది' అన్న జవాబు వచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటిపోతాయి. ఆలోగా ఇక్కడ ప్రభుత్వమే మారిపోవచ్చు. పన్నుల వసూలు, పోలీసులు, కోర్టులు అంత దూరంలో పనిచేయవు. అందుకే కొందరు సైన్స్ ఫిక్షన్ రచయితలు సామ్రాజ్యాలను పక్కనపెట్టి, ప్రభుత్వమే లేని నక్షత్ర సమాజాలను ఊహించారు. వెర్నర్ వింజ్ 'ఎ డీప్‌నెస్ ఇన్ ద స్కై' (1999)లో చెంగ్ హో వర్తకులు అలాంటివాళ్లే. వాళ్లందర్నీ ఒక్క ఏలుబడి కిందికి తేవాలని చూసిన ఫామ్ నువెన్ సొంత మనుషుల చేతిలోనే ఓడిపోతాడు.

మరి ప్రభుత్వం పోతే పెత్తనం కూడా పోతుందా? ఈ ప్రశ్నను ఉర్సులా లె గ్విన్ అంత నిజాయితీగా పట్టుకున్నవారు లేరని నా నమ్మకం. ఆమె నవల 'ద డిస్పొసెస్డ్' 1974లో వచ్చింది.

ఉర్రాస్ అనే సంపన్న గ్రహంలో తిరగబడ్డవాళ్లు, ఓడో అనే ఆలోచనాపరురాలి అనుచరులు, దాని చందమామ అనారెస్‌కు వలసపోతారు. అంతా ఎండు నేల, దుమ్ము. అక్కడ ఆస్తి, డబ్బు, జైలు ఏవీ లేవు. ఎక్కడ ఏ పని ఉందో డివ్‌ల్యాబ్ అనే కార్యాలయం చెబుతుంది. నచ్చకపోతే మానుకోవచ్చు. ఉత్పత్తి, పంపిణీల సమన్వయం చూసే సంస్థలోకి మనుషుల్ని లాటరీ తీసి పంపుతారు. ఏడాది శిక్షణ, నాలుగేళ్ల పని, ఆపైన దిగిపోవాల్సిందే.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా పెత్తనం మొలకెత్తింది. కథానాయకుడు షెవెక్ రాసిన భౌతికశాస్త్రం అచ్చు కావాలంటే సబుల్ అనే పెద్దాయన తలూపాలి, పుస్తకం మీద ఆయన పేరూ ఉండాలి. షెవెక్ స్నేహితుడు టిరిన్ ఒక నాటకం వేస్తే జనం ఈసడించారు. చివరికి అతను మానసిక చికిత్సాలయం పాలయ్యాడు. ఫలానావాళ్లు శిక్ష వేశారని చూపించడానికి ఒక్కరూ దొరకరు. కరువొచ్చినప్పుడు ఎవరికి ఎంత తిండి అన్న జాబితా రాసే పని షెవెక్ మీద పడుతుంది. జబ్బుపడి పనిలోకి రాలేనివాళ్లకు తక్కువ రేషన్. అతను ఆ పని వదిలేస్తాడు. జాబితా మాత్రం ఆగదు, రాయడానికి ఎవరో ఒకరు సిద్ధంగానే ఉంటారు. ప్రభుత్వం ఎలా పుడుతుందో ఇంత దగ్గరగా చూపించిన ఘట్టం రాజనీతి గ్రంథాల్లోనూ నాకు తగల్లేదు.

మన పల్లెలు ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక కుటుంబాన్ని వెలివేయడానికి ఊరికి ఏ జీవో అక్కర్లేదు. కూలికి పిలవరు, కొట్లో సరుకివ్వరు, అంతే. దళితులు, ఆదివాసుల మీద అమలయ్యే ఆ వెలిని నేరాల జాబితాలోకి ఎక్కించింది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ. ఆ చట్టం చేసింది ప్రభుత్వమే. అమలు ఎంత బలహీనంగా ఉన్నా, బాధితుడు వెళ్లి నిలదీయడానికి ఒక తలుపంటూ ఉంది. అనారెస్‌లో టిరిన్‌కు అది కూడా లేదు.

ఇయాన్ బ్యాంక్స్ 1987 నుంచి రాసిన 'కల్చర్' నవలల్లో కరువన్నదే ఉండదు. మైండ్స్ అనే మహా యంత్రాలు అన్నీ అమరుస్తాయి. చట్టాలు లేవు, హంతకుడు మళ్లీ చంపకుండా వెంట ఒక డ్రోన్ తిరుగుతుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ మైండ్స్‌ను గద్దె దించాలంటే ఎలా? దయగల ఏలిక కూడా ఏలికే కదా.

మళ్లీ అనారెస్‌కు వస్తే, షెవెక్ ఎవరి అనుమతీ అడక్కుండా స్నేహితులతో కలిసి సొంతంగా అచ్చువేయడం మొదలుపెడతాడు, తర్వాత ఉర్రాస్‌కు బయల్దేరతాడు. ద్రోహి అంటూ గుంపు రాళ్లు రువ్వుతుంది. కాపలాకు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లలో ఒకరు చనిపోతారు. షెవెక్‌ను ఆపే అధికారం ఎవరికీ లేకపోబట్టే అతను ఓడెక్కగలిగాడు. గుంపును ఆపే అధికారం కూడా ఎవరికీ లేకపోబట్టే ఆ మనిషి ప్రాణం పోయింది.