ఊడిన ఫిన్‌ను మళ్లీ నిలబెట్టడం

సర్ఫ్‌బోర్డు అడుగున, తోక వైపు నిలువుగా ఉండే రెక్కను ఫిన్ అంటారు. అది లేని బోర్డు కెరటం వాలు మీద పక్కకు జారిపోతుంది. 1935లో హవాయిలో టామ్ బ్లేక్ ఒక పాత మోటారు పడవ అడుగుపట్టీని తన బోర్డుకు బిగించి చూశాడు. అంతకుముందు కాలు నీళ్లలో ఈడుస్తూ బోర్డును తిప్పుకునేవారు. 1981లో ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్ల బోర్డుతో బెల్స్ బీచ్ పోటీ గెలిచాక ఆ అమరిక ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు చాలా బోర్డులకు ఫిన్ విడిగా వస్తుంది. బోర్డులో పొదిగిన ప్లాస్టిక్ గూటిలో దాన్ని దోపి స్క్రూ బిగిస్తారు. ఆ గూడే ఫిన్ బాక్స్.

విశాఖలో రుషికొండ, లాసన్స్ బే దగ్గర సర్ఫింగ్ స్థిరపడింది. గుంటూరు వాళ్లకు దగ్గరి సముద్రం బాపట్ల దాటాక వచ్చే సూర్యలంక. ఎక్కడైనా బాక్సు విరగడానికి ప్రధాన కారణం ఒడ్డు దగ్గరి ఇసుకే. లోతు తగ్గేచోట కెరటం బోర్డును నేలకు కొడితే దెబ్బంతా ఫిన్ కొస మీద పడుతుంది.

బోర్డు లోపలంతా తేలికైన ఫోమ్. పైన గాజుపీచు గుడ్డ, రెసిన్ కలిసి గట్టిపడిన పలచని పెంకు ఉంటుంది. ఫోమ్‌కు సొంత బలం చాలా తక్కువ కనుక బాక్సు వదులు నేలలో పాతిన గుంజలాంటిది. పెంకుకు 6 సెంటీమీటర్ల ఎత్తున ఫిన్‌పై 20 కిలోల పక్క ఒత్తిడి పడిందనుకుందాం. బాక్సు లోతు 2 సెంటీమీటర్లే అయితే మీటసూత్రం ప్రకారం దాని అడుగు 60 కిలోల బలంతో వెనక్కి తన్నుతుంది. అంచు దగ్గర పెంకు మీద 80 కిలోలు పడుతుంది. అందుకే పగులు ముందుగా బాక్సు చుట్టూ, వెంట్రుకంత గీతలా కనిపిస్తుంది. మరమ్మతు నిలవాలంటే ఆ బలం మళ్లీ పెంకులోకి విశాలంగా పాకాలి. గూటిలో జిగురు పోసి వదిలేసిన పని కొద్ది కెరటాలకే ఊడుతుంది.

పగులు దొరికిన వెంటనే ఫిన్ తీసేసి, మంచినీళ్లతో ఆ చోటు కడగాలి. ఉప్పు లోపల మిగిలితే గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది. తర్వాత తోక కిందికి ఉండేలా బోర్డును నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. రోజూ తూకం వేస్తూ, బరువు తగ్గడం ఆగినప్పుడే పని మొదలుపెట్టాలి. తొందరపడి ఎండలో పెట్టడం మరో నష్టం తెస్తుంది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో గుంటూరు బ్రాడీపేటలో మేడ మీదో, అద్దాలు మూసిన కారులోనో వదిలేస్తే ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి పెంకు బుడగలా లేస్తుంది.

ఇక ఏ రెసిన్ వాడాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. 2004 సునామీ తర్వాత మన తీరంలో బాగా పెరిగిన ఫైబర్ బోట్లు కూడా గాజుపీచు, పాలియెస్టర్ రెసిన్‌లతో చేసినవే. వాటిని బాగుచేసే పనివారి చేతిలో ఈ విద్య ఉంది. వారి దగ్గర దొరికే పాలియెస్టర్ రెసిన్ పాలియురేథేన్ ఫోమ్ బోర్డుకు పనికొస్తుంది. థర్మోకోల్ జాతి ఫోమ్ మీద మాత్రం ఒక్క చుక్క పడినా గుంట పడుతుంది, ఎందుకంటే రెసిన్‌లోని స్టైరీన్ ఆ ఫోమ్‌ను కరిగిస్తుంది. బోర్డు ఏ రకమో తెలియనప్పుడు ఎపాక్సీయే క్షేమం. అది రెండిటికీ అంటుకుంటుంది.

ఈ రెండు రెసిన్లు గట్టిపడే తీరు వేరు. పాలియెస్టర్‌లో హార్డనర్ ఒక పెరాక్సైడ్. అది విడిపోయి గొలుసు చర్యను రగిలిస్తుంది, కోబాల్ట్ దాన్ని వేగిరపరుస్తుంది. సాధారణంగా రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం హార్డనర్ సరిపోతుంది; ఎండ ఎక్కువైతే ఆ హద్దుల్లోనే తగ్గించుకోవచ్చు. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డనర్ పోయాలి. ఆ రెండిటినీ నేరుగా కలిపితే పేలుడు జరగవచ్చు. ఎపాక్సీలో హార్డనర్ గట్టిపడ్డ పదార్థంలోనే భాగమవుతుంది కనుక తయారీదారు చెప్పిన పాళ్లు తప్పకూడదు. ఎక్కువైనా తక్కువైనా అది మెత్తగా మిగులుతుంది.

ఈ చర్యలు వేడిని పుట్టిస్తాయి. లోతైన కప్పులో నిలవ ఉంచితే ఆ వేడి బయటికి పోక మిశ్రమం పొగలు కక్కుతూ బిగుసుకుపోతుంది. వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెంగా కలుపుకోవడం మేలు. సాయంత్రం, వేడి తగ్గుతున్న వేళ పూస్తే ఫోమ్‌లోని గాలి కుంచించుకుని రెసిన్‌ను లోపలికి లాగుతుంది. ఉదయం పూస్తే అదే గాలి బుడగలై పైకి తేలుతుంది.

పనిలోకి దిగే ముందు ఫిన్ నిలబడిన కోణాన్ని, మధ్యగీతకు దూరాన్ని బోర్డు మీద గీసి పెట్టుకోవాలి. పక్క ఫిన్లు ముక్కు వైపుకు కాస్త తిరిగి, బయటికి కాస్త వాలి ఉంటాయి. ఆ వాలు తప్పితే బోర్డు ఒక పక్కకు లాగుతుంది. పాత బాక్సును, తడిసి నల్లబడిన ఫోమ్‌ను చెక్కేసి, చుట్టూ 5 సెంటీమీటర్ల మేర మెరుపు పోయేలా 80 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. నున్నటి పెంకును కొత్త రెసిన్ పట్టుకోదు. కొత్త బాక్సు నోటికి టేపు అంటించి, గాజుపీచు తునకలు కలిపిన చిక్కటి రెసిన్‌లో కూర్చోబెట్టి, గీసిన గుర్తులతో సరిచూసి కదలకుండా ఆరనివ్వాలి.

ఆపైన చదరపు మీటరుకు 135 లేదా 200 గ్రాముల గాజు గుడ్డ రెండు మూడు పొరలు, ఒకదానికంటే ఒకటి వెడల్పుగా, బాక్సు అంచును కప్పి పెంకు మీదికి పాకేలా వేయాలి. బోట్లకు వాడే మ్యాట్ ఇక్కడ వద్దు. అది రెసిన్‌ను ఎక్కువ తాగి తోకను బరువెక్కిస్తుంది. గట్టిపడ్డాక గరుకు కాగితంతో నున్న చేసేటప్పుడు గాజు ధూళి ఊపిరితిత్తులకు చేరకుండా మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

ఎపాక్సీ మరునాటికి గట్టిగా తోచినా పూర్తి బలం రావడానికి వారం దాకా పట్టవచ్చు. అప్పుడు ఫిన్ బిగించి, కొస పట్టుకుని అటూ ఇటూ నెట్టి చూడాలి. బాక్సు అంచున గీత గానీ టిక్కుమనే చప్పుడు గానీ లేకపోతే బోర్డు నీళ్లలోకి వెళ్లవచ్చు.