జ్వరం తగ్గాక గోళ్ళపై గాడులు ఎందుకు?

జ్వరం తగ్గిన రెండు నెలలకు గోళ్ళు చూసుకుని కంగారుపడేవాళ్ళు మన బస్తీల్లో కనిపిస్తుంటారు. అన్ని గోళ్ళ మీదా అడ్డంగా గాడి, కొందరికి నల్లటి చార. కొత్త రోగమేమోనని కూలి పోగొట్టుకుని, అప్పు చేసి మందులు కొనే కుటుంబాల కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

గోరు దాని మొదట్లో, చర్మం కింద తయారవుతుంది. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో ఆ పని కొన్నాళ్ళు కుంటుపడుతుంది. ఆ లోటే గాడిగా మిగిలి, గోరుతోపాటు ముందుకు జరుగుతుంది. ఫ్రాన్సు వైద్యుడు బో 1846లోనే దీన్ని వివరించాడు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాడి మొదటినుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే జ్వరం వచ్చి రెండు నెలలు దాటిందన్నమాట. ఆరు నెలల్లో అదే పోతుంది, మందు అక్కరలేదు. చేతులు, పాదాలు, నోట్లో పొక్కులొచ్చే వైరస్ జ్వరం తర్వాత కొందరు పిల్లలకు గోళ్ళే ఊడిపోతాయి. తల్లులు భయపడనక్కరలేదు, కొత్తవి వస్తాయి.

మన జిల్లా మరిచిపోలేనిది చికున్‌గున్యా. ముప్పై ఏళ్ళకు పైగా దేశంలో కనిపించని ఆ జబ్బు 2005 చివర్లో మన రాష్ట్రంలో మళ్ళీ తలెత్తింది. 2006లో దేశమంతటా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఆ జ్వరం తర్వాత కొందరికి ముక్కు నల్లబడుతుంది, గోళ్ళపై నల్ల చారలు వస్తాయి. అయితే గోరు చూసి ఏ వైరసో చెప్పలేము. అది రక్తపరీక్షే తేల్చాలి.

ఒక్క గోటికే నల్ల చార వచ్చి వెడల్పవుతున్నా, గోళ్ళన్నీ తెల్లబడి కళ్ళు పచ్చబడినా మాత్రం ఆలస్యం చేయక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. రెండోది కాలేయం దెబ్బతిన్న గుర్తు కావచ్చు. మెహందీ ఇవన్నీ కప్పేస్తుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

వానలే లేని చోట దోమలెక్కడివి అంటారు. కుళాయి రోజూ రాని వీధుల్లో డ్రమ్ములు, తొట్లు నింపుకోక తప్పదు. చికున్‌గున్యా దోమకు కావలసింది ఆ నిలవ నీరే. తొట్టి ఎండినా గోడకంటిన గుడ్లు నెలల తరబడి బతికుంటాయి. అందుకే వారానికోసారి గోడలు తోమాలి. జుమా రోజు గోళ్ళు తీసుకునేటప్పుడే ఆ పనీ పెట్టుకోవచ్చు. ఇంత ఎద్దడిలో నీళ్ళు పారబోయమంటే ఎవరు వింటారు? బిగుతైన మూతే దారి. మందులకు సదఖా ఇచ్చే దాతలు ఈ ఏడాది డ్రమ్ము మూతలకూ కొంత ఇవ్వాలని కోరుతున్నాము.