ముప్పదియైదవ వంతు యుద్ధశకటము

హైదరాబాదు నగరమునకు పడమరగా, నేటి సంగారెడ్డి జిల్లాలో, ఎద్దుమైలారమను గ్రామము కలదు. అచ్చట 1984లో నెలకొల్పబడిన మెదక్ ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో, సోవియట్ దేశపు బి.ఎం.పి.-2 ననుసరించి, 'సారథ్' అను కవచశకటములు తయారైనవి. ముగ్గురు సిబ్బందిని, ఏడుగురు పదాతి భటులను గర్భమున నిడుకొని, ఉక్కుపట్టాలమీద పరుగెత్తుచు, అడ్డమువచ్చిన యేటిని సైతము ఆ పట్టాల త్రిప్పుడుచేతనే యీదిపోగల యీ శకటము మన నేలమీద రూపొంది మన సైన్యమునకు చేరినది. అయినను, పాత మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరము వంటి పట్టణమున ఒక విద్యార్థి లేచి, అది యెట్లు నడచును, దాని లోపల కూర్చున్న భటునకు ఎంత చోటు దక్కును, దాని తలుపు ఎటు తెఱచుకొనును అని యడిగినచో సమాధానము చెప్పగలవారరుదు. కర్మాగారపు ద్వారములు సామాన్యులకు తెఱవబడవు. గణతంత్ర దినోత్సవమునాడు టెలివిజనులో క్షణకాలము కనబడు దృశ్యము కుతూహలమును రేపునే కాని తీర్పజాలదు. ఆ కుతూహలమును ఇంటిలోని బల్లమీదనే తీర్చుకొను మార్గమొకటి కలదు. సైనిక శకటములను ఒక నిర్ణీతమైన నిష్పత్తికి కుదించి, ప్లాస్టిక్కు భాగములను కూర్చి, రంగులు వేసి, యథాతథముగ నిలుపు విద్యయే ఆ మార్గము.

ఈ విద్యలో ప్రసిద్ధికెక్కిన కొలత ముప్పదియైదింట నొక వంతు. దీని పుట్టుక జపానులోని షిజువోకా నగరముతో ముడిపడియున్నది. 1946లో కలప వ్యాపారముగా మొదలైన టామియా సంస్థ, 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్కు నమూనాల రంగమున నడుగిడి, అటుపిమ్మట జర్మనుల పాంథర్ ట్యాంకును తయారుచేయబూనెను. ఆ బొమ్మ తనంత తాను నడువవలెను. అందుకు లోపల విద్యుత్తు మోటారును, బ్యాటరీలును ఇముడవలెను. వానికి చాలినంత చోటు విడిచి పైకవచమును రూపొందింపగా తేలిన పరిమాణము అసలు ట్యాంకులో ఇంచుమించుగ 35వ వంతైనది. ఏ శాస్త్రసభయు తీర్మానింపకయే, కేవలము బ్యాటరీల కొలతచేత నిర్ణయమైన యీ నిష్పత్తి, క్రమముగ లోకమంతట వ్యాపించి, రష్యాలోని జ్వెజ్దా, చైనాలోని ట్రంపెటర్, ఇటలీలోని ఇటలేరి మున్నగు సంస్థలకెల్ల ప్రామాణికమైనది. టామియా సంస్థను దీర్ఘకాలము నడపి, 2025లో 90 సంవత్సరముల వయసున కీర్తిశేషుడైన షున్‌సాకు టామియా, అమెరికాలోని అబెర్డీన్ సైనిక ప్రదర్శనశాలకు స్వయముగ పోయి, అచ్చటి ట్యాంకులను నలుప్రక్కల నుండి ఛాయాచిత్రములు తీసి, వాని రూపురేఖలను శ్రద్ధతో పరిశీలించినవాడు. అసలు వస్తువును కన్నులార చూచియే దాని ప్రతిరూపమును చేయవలెనను శ్రద్ధ అందు కనబడును.

నిష్పత్తి యనునది చిన్న లెక్కయే యైనను, దాని ఫలితములు మనసును ఆకట్టుకొనును. సారథ్ పొడవు ఇంచుమించు 6.7 మీటర్లు, వెడల్పు 3.15 మీటర్లు, ఎత్తు 2.45 మీటర్లు. 35చేత భాగించినచో పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు 9, ఎత్తు 7 సెంటీమీటర్లగును. అనగా అరచేతిలో ఇముడును. బరువు లెక్క మాత్రము వేఱు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గుచున్నవి గనుక, బరువును 35తో కాక 35ను ముమ్మారు హెచ్చవేసిన 42,875తో భాగింపవలెను. పదునాలుగు టన్నులకు పైబడిన శకటము, అదే లోహముతో ఆ కొలతకు కుదించినను, మూడువందల ముప్పది గ్రాముల చిల్లర మాత్రమే తూగును. దాని 30 మిల్లీమీటర్ల ఫిరంగి రంధ్రము ఒక మిల్లీమీటరుకు లోబడిపోవును. అయిదడుగుల తొమ్మిదంగుళముల భటుడు అయిదు సెంటీమీటర్ల వాడగును. అట్టి యేడుగురిలో ఆరుగురిని వెనుక గదిలోను, ఒకనిని చోదకుని వెనుకను కూర్చుండబెట్టి చూచినప్పుడు, ఆ మనుష్యులు ఎంత యిరుకులో, ఎంత వేడిమిలో, బయటిలోకమును ఎంత చిన్న కిటికీలగుండ చూచుచు యుద్ధమునకు పోవుదురో, గ్రంథములు చెప్పలేని తీరున బోధపడును. వెనుకనున్న రెండు తలుపులు బోలుగా నుండి, వాని కడుపులో ఇంధనము నింపబడునని తెలిసికొన్నవానికి, ఆ తలుపులను అతికించునపుడు వ్రేళ్ళు ఒక క్షణము ఆగకమానవు.

నమూనా భాగములు గల పెట్టెను, అనగా కిట్టును, తెఱచినవారికి శకటము కనబడదు. చట్రములకు కొమ్మలవలె అంటియున్న వందలాది భాగములును, ప్రతి భాగమునకొక అంకెయు, ఆ అంకెలను వరుసగ కూర్చు విధమును చూపు చిత్రపుస్తకమును మాత్రమే కనబడును. చట్రమునుండి భాగమును చేతితో విఱువరాదు. నిప్పరు అను కత్తెరను భాగమునకు కొంత యెడముగ ఉంచి కోసి, మిగిలిన మొనను సన్నని కత్తితో చెక్కి, ఆకురాయితో నున్నన చేయవలెను. ఒక్క చక్రమును గమనింపుడు: అచ్చు రెండు సగములును కలిసినచోట చుట్టును వెండ్రుకవంటి యొక గీత నిలిచియుండును. అసలు చక్రమునకు అట్టి గీత లేదు గనుక, దానిని గీకివేయవలెను. ప్రక్కకు ఆఱేసి చక్రములు. అన్నిటియందును ఆ గీతను విసుగు లేక తొలగించినవాడే ముందునకు సాగుటకు అర్హుడు.

అతికించుటయందును ఒక రహస్యము కలదు. ఈ కిట్లకు వాడు పలుచని ద్రావకము బంకవలె అంటుకొనునది కాదు. అది పాలిస్టైరీను అను ప్లాస్టిక్కును కరగించునది. రెండు భాగములను ముందుగ కలిపి పట్టుకొని, కుంచె కొనను అతుకుమీద తాకించినంతనే ద్రావకము సందులోనికి తానే ప్రాకిపోవును. రెండు ఉపరితలములును కరగి యొకటై, ద్రావకము ఆవిరియైన పిదప, అతుకు తావు అతుకు కాక ఏకఖండమగును. చుక్క ఎక్కువైనచో సూక్ష్మమైన మేకుతలలు కరగిపోవును. తక్కువైనచో చక్రము ఒరిగిపోవును. పట్టాలు కూర్చునపుడు పైభాగము బిగువుగ నిలువరాదు. ఉక్కు తన బరువునకు తానే వ్రేలాడి, పైచక్రములమధ్య కొంచెము క్రిందికి వంగియుండవలెను. ఆ వంపు లేని నమూనా తూకము లేని బొమ్మగ కనబడును. ఎద్దుమైలారపు కర్మాగారము సైతము ఈ క్రమముననే పని నేర్చినదని గుర్తింపదగును: 1987లో సిద్ధమైన మొదటి శకటము సోవియట్ దేశమునుండి వచ్చిన విడిభాగములను కూర్చి చేసినదే; 1999 నాటికి ఇంచుమించు నూటికి 90 పాళ్ళ భాగములు మన దేశముననే తయారగు స్థితి యేర్పడినది. కూర్చుట తెలిసినవానికి చేయుట తెలియునను న్యాయము పెద్ద శకటమునకును చిన్న శకటమునకును సమానమే.

ఆకారమును చదువుటయు ఈ విద్యలో భాగమే. సోవియట్ దేశపు టి-55 ట్యాంకు బురుజు పోతపోసిన ఉక్కుతో చేసినది గనుక గుండ్రముగ, గరుకుగ నుండును. ఆ గరుకును తెచ్చుటకు పలుచని పుట్టీని పూసి, బిఱుసు కుంచెతో పొడుతురు. మన దేశపు అర్జున్ ట్యాంకు బురుజు పలకలు పలకలుగ నుండుటకు కారణము హైదరాబాదులోని కంచన్‌బాగునందున్నది. అచ్చటి రక్షణ లోహ పరిశోధనశాలలో పుట్టి ఆ పేటపేరనే 'కాంచన్' అని పిలువబడు పొరల కవచము దానికి తొడుగబడినది. పోతకును పొరలకును గల భేదము చేతివ్రేళ్ళకు తెలిసినవాడు, ఆ రెండు కాలముల యుద్ధతంత్రముల భేదమును గూడ తెలిసికొన్నట్లే.

రంగుల ఘట్టము ఓర్పును పరీక్షించునది. మొదట ప్రైమరు పూత. అది రంగునకు పట్టునిచ్చి, దాగియున్న గీతలను బయటపెట్టును. పిమ్మట సైనికపు ఆకుపచ్చ రంగు. డబ్బాలోని రంగును ఉన్నదున్నట్లు పూసినచో చిన్న వస్తువుమీద మిక్కిలి ముదురుగ తోచును; గాలిపొరగుండ దూరమునుండి చూచిన శకటపు రంగు సహజముగ వెలిసియుండును గావున, దానిలో కొంచెము తెలుపు కలుపవలెను. ఆపై అంకెల స్టిక్కర్లను నీటితో జార్చి అంటించి, పలుచని ముదురు రంగును మూలలలోనికి పాఱించి నీడలు తెచ్చి, ఇంచుమించు ఆఱిన కుంచెతో అంచులను తాకి వెలుగు తేవలెను. వాలుతలములమీద వర్షపు చారలు నిలువుగ, తలుపుల చుట్టును బూట్ల రాపిడి, పొగగొట్టము వద్ద మసి: ఏ గుర్తునకైనను కారణముండవలెను. కారణము లేని మరక అబద్ధమే.

మన యెగువ తెలంగాణమువారికి ఒక భాగ్యము కలదు. గ్రానైటు కొండలు యుగయుగములుగ శిథిలమై యేర్పడిన ఎఱ్ఱ చెల్కనేల మనది. దానిలోని ఇనుప భస్మమే దాని యెఱుపునకు మూలము. విదేశీ సీసాలలో దొరకు ధూళిరంగులకంటె, ఇక్కడ నడచిన శకటమునకు ఇక్కడి మట్టియే తగును. అయితే పొలమునుండి తెచ్చి చల్లినంతమాత్రమున సరిపోదు. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు ఆ కొలతలో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి యగును. కావున మట్టిని ఎండబెట్టి, కల్వమున నూఱి, పలుచని వస్త్రమున ముమ్మారు జల్లించి, గాలికెగురునంతటి మెత్తని పొడిని మాత్రము గ్రహింపవలెను. దానిని నీటితోను, చిటికెడు తెల్లజిగురుతోను కలిపి పట్టాల సందులలో అలదవలెను; పొడిగ మిగిలినదానిని కుంచెతో ప్రక్కరేకులమీద తట్టవలెను. చక్రముల వద్ద దట్టముగ, పైకిపోవుకొలది పలుచగ నుండవలెను. వేగముగ పోవు శకటము దుమ్మును వెనుకకు విసరును గావున వెనుకభాగము ముందుభాగముకంటె ఎఱ్ఱగ కనబడవలెను.

ఆ మట్టిమీద యుద్ధశకటములు నడచిన దినములు మన జిల్లాల చరిత్రలో కలవు. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినపుడు, ప్రధానబలగము షోలాపురము వైపునుండి మేజర్ జనరల్ జయంతనాథ చౌదరి నాయకత్వమున వచ్చుచుండగా, విజయవాడ దిక్కునుండి మేజర్ జనరల్ రుద్ర నడపిన దళము కోదాడ, మునగాల మార్గమున నల్లగొండ జిల్లాలో అడుగిడెను. సంస్థానపు అశ్వదళములు అప్పటికే గుఱ్ఱములను విడిచి, స్టాగ్‌హౌండ్, హంబర్ అను కవచకారులతో వారిని ఎదుర్కొనినవి. సూర్యాపేట వద్ద వెనుదిరుగుచున్న సంస్థానసైన్యము మూసీ వంతెనను కూల్చినను, దానిని కాచుకొనలేకపోవుటచేత భారతసైనికులు శీఘ్రముగ బాగుచేసికొని ముందునకు సాగిరి. అయిదు దినములలో కథ ముగిసెను. కాని ఆ దినములు ఎందఱో సామాన్యుల గృహములలో దుఃఖమును మిగిల్చినవని మఱువరాదు. స్టాగ్‌హౌండు, హంబరు రెంటికిని నేడు ముప్పదియైదవ వంతు కిట్లు కలవు. తెలుగునాట వానిని కూర్చువాడు పరదేశపు యుద్ధమును గాక, తన తాతలు వాకిట నిలిచి చూచిన దృశ్యమును నిర్మించుచున్నాడు.

ఆ అశ్వదళములనుండియే వచ్చిన వీరుడొకడు మన శ్రద్ధకు పాత్రుడు. 1923లో బొంబాయిలో జన్మించిన అర్దేశిర్ తారాపోర్, హైదరాబాదు సంస్థానసైన్యమున పదాతిదళములో చేరెను. శిక్షణలో ఒక సైనికుడు విసరలేక జారవిడిచిన గ్రెనేడును, తాను ముందునకు దుమికి యెత్తి పాఱవేసి గాయపడెను. అది చూచిన సేనాధిపతి ఎల్ ఎడ్రూసు అభినందింపగా, కవచదళమునకు బదిలీ కోరి పొందెను. సంస్థానము విలీనమైన పిమ్మట పూనా హార్సు దళమున చేరి, 1965 యుద్ధమున సియాల్‌కోట్ రంగమునందు సెంచూరియన్ ట్యాంకులను నడపి, గాయపడియు వెనుదిరుగక పోరాడి, సెప్టెంబరు 16న వీరస్వర్గమలంకరించి, పరమవీరచక్రము నార్జించెను. ఆ యుద్ధకాలమున దేశపు సేనాధ్యక్షుడు 1948లో షోలాపురమునుండి వచ్చిన ఆ చౌదరియే. 1948లో ఎదురెదురు పక్షముల నిలిచినవారు 1965లో ఒకే జెండాక్రింద నిలిచిరి. సెంచూరియన్ కిట్టును టామియాయు, ఏ.ఎఫ్.వి. క్లబ్బును తయారుచేయుచున్నవి. తారాపోర్ నడపిన శకటముగ దానిని తీర్చువాడు, ఆ దళపు చిహ్నములను ఛాయాచిత్రములతో సరిచూచి మాత్రమే గీయవలెను.

క్రొత్తవారికి రెండు మాటలు. గాలిపిచికారీ యంత్రము లేనంతమాత్రమున వెనుకాడనక్కరలేదు. మంచి కుంచె యొకటి, పలుచగ కలిపిన రంగు, పూతకును పూతకును మధ్య ఆఱుటకు తగిన వ్యవధి ఉన్నచో చేతిపూతయే చక్కగ అమరును. డెబ్బదిరెండవ వంతు కిట్లు చిన్నవి, చౌక. మొదటి ప్రయత్నమునకు అవి చాలును. ద్రావకపు ఆవిరి మంచిది కాదు గనుక కిటికీలు తెఱచి పనిచేయవలెను. కత్తిని ఎల్లప్పుడు తనకు ఎడముగ నడపవలెను. పిల్లలు పెద్దల యెదుటనే కత్తి పట్టవలెను.

ఈ వినోదము పిల్లలలో యుద్ధప్రీతిని పెంచునని శంకించువారు కలరు. ఆ శంక గౌరవింపదగినదే. కాని ఇంధనము నిండిన తలుపుల నడుమ భటులను కూర్చుండబెట్టి చూచినవాడు యుద్ధమును ఆటగ తలపడు. ప్రతి మరకకును కారణము వెదకినవాడు చరిత్రను పుకారుగ వినడు. కొలతయందు నిజము, రంగునందు నిజము, కథయందు నిజము: ఈ మూడింటిని ఒకే బల్లమీద అభ్యసింపజేయు విద్యలు మన పాఠశాలలలో ఎన్ని కలవు? షాద్‌నగరమునను, నల్లగొండలోను, సూర్యాపేటలోను గల ఉన్నత పాఠశాలలు ఒక్కొక్క అద్దాల బీరువాను ఇందుకు కేటాయించి, మూసీ వంతెన వద్ద స్టాగ్‌హౌండును, ఎద్దుమైలారపు సారథ్‌ను, తారాపోరు సెంచూరియన్‌ను విద్యార్థులచేతనే చేయించి, ప్రతిదానిక్రింద ఆ పిల్లలు స్వయముగ సేకరించిన చరిత్రను వ్రాయించి నిలిపినచో, జిల్లా చరిత్ర పాఠ్యపుస్తకమును దాటి వారి చేతులలోనికి వచ్చును. అందులకు కావలసినది గొప్ప ధనము కాదు; ఒక్క ఉపాధ్యాయుని సంకల్పమును, పిల్లలకు ఓపికగ పనిచేసికొనుటకు ఇచ్చిన సమయమును చాలును.