పాలు మానిన శాకాహారము

మన దేశమున శాకాహారులనగా మాంసము, చేపలు, గ్రుడ్లు ముట్టని వారని అర్థము. వారు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి విడువరు. వీనిని గూడ విడిచి, జంతువుల నుండి లభించెడి ఏ పదార్థమును తినని పద్ధతికి 'వీగన్' ఆహారమని పేరు. తేనె సైతము ఇందు నిషిద్ధమే. ఈ మాట 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రుల వలన పుట్టినది. మన దేశమున ఇట్టి ఆహారములకు ప్రత్యేక నియమములు, గుర్తు 2022లో ఏర్పడినవి.

మాంసము మానుట ఒక మెట్టు. పాలు మానుట మరియొక మెట్టు. ఈ రెండవ మెట్టుపై శరీరమునకు ఏమి తగ్గును? దానిని దేనితో పూరింపవలెను? పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాల వారికి ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. కారణము అచ్చటి నేలలోను, నీటిలోను ఉన్నది.

మాంసకృత్తులు

పాలు మానినచో మాంసకృత్తులు చాలవని పలువురు భయపడుదురు. కాని ఇది సులభముగా తీరెడి కొరత. మాంసకృత్తులు ఆమైనో ఆమ్లములతో నిర్మితములు. జొన్నలలో లైసిన్ అను ఆమైనో ఆమ్లము తక్కువ. కందులు, పెసలు, ఉలవలలో అది సమృద్ధిగా ఉన్నది. పప్పుధాన్యములలో తక్కువగా నుండెడి మెథియొనిన్ నువ్వులలో మెండు. కావున జొన్నరొట్టెతో పప్పు, నువ్వుల పొడి, సాయంత్రము ఉలవ గుగ్గిళ్ళు తినువారికి ఒకదాని లోపమును మరియొకటి తీర్చును. పాలలోని రైబోఫ్లేవిన్‌కు బదులుగా ఆకుకూరలు, మొలకెత్తిన పెసలు తినవచ్చును.

కాల్షియము

నూరు మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియము ఉండును. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసినది. అర లీటరు పాలు మానినవారు 600 మిల్లీగ్రాములను వేరొక చోట వెదకుకొనవలెను.

తెలంగాణమున తైదలని పిలువబడు రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పొట్టు తీయని నువ్వులలో వెయ్యికి పైగా ఉన్నది. అనగా నూరు గ్రాముల తైదపిండి, ఇరువది అయిదు గ్రాముల నువ్వులు లెక్కకు అర లీటరు పాలకు సాటి. అయితే నువ్వులలోని ఆక్జలేటులు, ధాన్యములలోని ఫైటేటులు కాల్షియమును కొంత పట్టి ఉంచి, ప్రేగులలో ఇంకనీయవు. కావున లెక్కకు మించి కొంత తినుట మంచిది. తైదలను మొలకెత్తించినను, పిండిని పులియబెట్టి అంబలి కాచినను ఫైటేటులు తగ్గును. ఆకుకూరలలో మునగాకు మేలైనది. పాలకూరలో ఆక్జలేటులు అధికమగుటచే అందలి కాల్షియము మనకు అంతగా దక్కదు.

ఫ్లోరైడు నేల

ఈ ప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరీను గల ఖనిజములున్నవి. లోతైన బావుల నీటిలో అవి మెల్లగా కరగును. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. నల్లగొండ జిల్లాలో పలు గ్రామముల బావులలో అది అంతకు ఎన్నో రెట్లుండెను. అచ్చటి ఎముకల వ్యాధిని గూర్చి 1955లోనే వైద్యపత్రికలో వ్యాసము వెలువడినది.

ఆహారమున కాల్షియము తగినంత ఉన్నచో, అది ఫ్లోరైడులో కొంత భాగముతో కలిసి కరగని లవణముగా మారును. ఆ భాగము రక్తములోనికి చేరక వెలుపలికి పోవును. కాల్షియము చాలనిచో ఈ రక్షణ తగ్గును. అంతేకాక రక్తమునకు కావలసిన కాల్షియమును శరీరము ఎముకల నుండియే తీసుకొనును. ఫ్లోరైడు బాధిత గ్రామముల బాలురలో, యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి పాదములు ఎడమగుటను, ఎముకలు గుల్లబారుటను 1973లో పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి వర్ణించిరి.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వలన శుద్ధిచేసిన నదీజలములు ఊళ్ళకు చేరినవి. కాని ఎముకలలో ఒకసారి నిలిచిన ఫ్లోరైడు త్వరగా తొలగదు. బోరునీరు త్రాగు అలవాటు ఇంకను ఉన్న ఇండ్లలో, పాలు మానుటకు ముందు నీటిని పరీక్ష చేయించుట అవసరము. ఎదిగెడి పిల్లల విషయమున ఇది మరింత ముఖ్యము.

బి12 విటమిను

కాల్షియము పొలములో దొరకును. బి12 విటమిను దొరకదు. మొక్కలు దీనిని తయారుచేసుకొనలేవు. సూక్ష్మజీవులే దీనిని తయారుచేయును. ఆవు, గేదెల కడుపులోని సూక్ష్మజీవుల నుండి ఇది పాలలోనికి వచ్చును. శాకాహారికి ఉన్న ముఖ్యమైన ఆధారము పాలే. అంబలి, పులిసిన పిండి, నాచు మొదలగు వానిలో ఇది లభించునని కొందరందురు. అవి నమ్మదగిన ఆధారములు కావు.

మనకు కావలసినది దినమునకు రెండు, రెండున్నర మైక్రోగ్రాములు మాత్రమే. కాలేయములోని నిలువ కొన్ని సంవత్సరములు సరిపోవచ్చును. మోసము ఇచ్చటనే ఉన్నది. పాలు మానిన మొదటి ఏట ఏ బాధయు తోచదు. పైగా శాకాహారులలో పలువురికి నిలువ ముందే తక్కువ.

మరియొక చిక్కు కలదు. బి12 లోపించినచో రక్తహీనత కలుగును, నరములును చెడును. ఆకుకూరలలోను, పప్పులలోను ఫోలిక్ ఆమ్లము విస్తారము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందము అమెరికాలో 1945 ప్రాంతమున సంశ్లేషించినది ఈ ఆమ్లమునే. ఇది రక్తహీనతను కప్పిపుచ్చగలదు గాని నరములను కాపాడలేదు. కావున రక్తము బాగుగా కనబడుచుండగనే అరికాళ్ళ తిమ్మిరి, మతిమరుపు, నడకలో తూలుట మొదలుకావచ్చును. బి12 లోపించిన తల్లుల పాలు త్రాగిన శిశువులకు ఆ వ్యాధి కలుగుటను వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 1962లో ప్రకటించిరి.

దీనికి ఉపాయము సులభము. బి12 మాత్రలకు కావలసిన విటమినును సూక్ష్మజీవులను పెంచియే తీయుదురు. కావున పాలు విడిచినవారికి అది అభ్యంతరము కాదు. ఈ మాత్రలనో, బి12 చేర్చిన ఆహారమునో క్రమము తప్పక తీసుకొనవలెను. గర్భిణులు, బాలింతలు, పిల్లలు వైద్యుని సలహా లేనిదే పాలు మానరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న లెక్క చేయించవచ్చును. ప్రతి విద్యార్థి వారము దినములు తన ఇంటి భోజనమును వ్రాసికొని, పాల పదార్థములను కొట్టివేసి, మిగిలిన వానిలో కాల్షియమును కూడవలెను. తైదలు, నువ్వులు, మునగాకు మన వంటలలో ఎంత తగ్గిపోయినవో ఆ మొత్తమే తెలుపును. బి12 గడిలో మాత్రము శాకాహారి ఇంట సున్న మిగులును. మాత్ర ఎందుకు అవసరమో విద్యార్థికి అప్పుడు స్పష్టమగును.