నిర్ణయం తీసుకోలేక సతమతమవుతున్నారా?

"ఆపరేషన్ చేయించాలా, వద్దా? ఇక్కడేనా, సిటీకి తీసుకెళ్లాలా? రేపు ఏమైనా అయితే అందరూ నన్నే అంటారేమో!" ఇలా ఆలోచిస్తూ వార్డు బయట రాత్రంతా కూర్చునేవారిని మేము తరచు చూస్తుంటాం. మీవారి మీద ప్రేమ ఉండబట్టే ఈ బెంగ. కానీ ఒకే ఆలోచన వందసార్లు తిరిగినా కొత్త సంగతేమీ తెలియదు. నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, ఒక్కోసారి విలువైన సమయమూ పోతుంది.

ఒక పెద్దాయనకు రాత్రి భోజనం దగ్గర మూతి వంకరపోయి, కుడిచెయ్యి పట్టు తప్పింది. ఇంట్లోవాళ్లు అల్లుడుగారికి ఫోన్ చేశారు, మేనమామను అడిగారు, తెల్లవారాక చూద్దామనుకున్నారు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజక్షన్, తగినవారికి, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ సమయం దాటిపోయింది. ప్రాణం దక్కింది గాని, ఆ చెయ్యి మళ్లీ అన్నం కలపలేదు.

అందుకే ముందుగా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఆగే పనా, ఆగని పనా?

ఆగనివి: మూతి వంకరపోవడం, మాట తడబడటం, గుండెలో నొప్పి, ఊపిరాడకపోవడం, పాముకాటు, రక్తం ఆగకపోవడం. ఎవరి సలహా కోసమూ చూడవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బంధువులకు దారిలో చెప్పవచ్చు.

ఆగేవి: మోకీలు మార్పిడి, కంటి శుక్లం ఆపరేషన్ వంటివి. వీటికి ఇలా చేయండి:

1. మీ భయాలన్నీ కాగితం మీద రాయండి. తలలో వందగా తిరిగేవి కాగితం మీద నాలుగైదే ఉంటాయి.
2. డాక్టరుగారిని అడగండి: చేయిస్తే లాభమేమిటి? ప్రమాదమేమిటి? వేరే మార్గముందా? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది?
3. రోగి మనసులో ఏముందో అడగండి. నొప్పి భరించేది వారే.
4. ఇద్దరు ముగ్గురు దగ్గరివారితో మాట్లాడి, ఫలానా రోజుకు తేల్చాలని గడువు పెట్టుకోండి.
5. రాత్రి బెంగ మొదలైతే "రేపు సాయంత్రం అరగంట దీనికే" అని పక్కన పెట్టండి. వేళకు తిని, పడుకోండి.

ఏ నిర్ణయానికీ పూర్తి హామీ ఉండదు. తెలిసినంతలో, మంచి మనసుతో తీసుకున్న నిర్ణయం ఫలించకపోయినా అది మీ నేరం కాదు. ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించవద్దు.

రెండు వారాలు దాటినా నిద్రపట్టక, పనులు సాగకపోతే డాక్టరుకు చెప్పండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

మమ్మల్ని అడగడానికి మొహమాటపడకండి. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగినా సిస్టర్లం విసుక్కోం.